ఎవరు ఎవరికి నేర్పారు: బ్లాక్ హిస్టరీ సభను మెంటార్‌షిప్‌తో కలిపి జరపడం ఎలా

ఫిబ్రవరిలో అమెరికా ఊళ్ళలో జరిగే బ్లాక్ హిస్టరీ (ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్ర) సభలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. గోడ మీద నాలుగు ప్రసిద్ధ ముఖాలు, ఒక ఉపన్యాసం, ఒక పాట, భోజనం. చివర్లో "యువతకు మార్గదర్శనం" పేరుతో పది నిమిషాలు కేటాయిస్తారు. ఎవరో పెద్దాయన బాగా చదువుకోండని చెప్పి మైకు వదిలేస్తారు. చరిత్ర ఓ పక్క, మెంటార్‌షిప్ ఓ పక్క ఉండిపోతాయి.

అసలు ఈ చరిత్రలో చాలా భాగం ఒకరు ఇంకొకరికి నేర్పడం వల్లే నడిచింది. హోవర్డ్ యూనివర్సిటీ లా స్కూల్లో చార్ల్స్ హామిల్టన్ హ్యూస్టన్ దగ్గర తయారైన థర్‌గుడ్ మార్షల్ 1954లో బడుల్లో జాతి వేర్పాటును కొట్టేయించిన బ్రౌన్ కేసు గెలిచారు, 1967లో సుప్రీంకోర్టుకు తొలి బ్లాక్ జడ్జి అయ్యారు. హ్యూస్టన్ 1950లోనే పోయారు, ఆ తీర్పు చూడలేదు. వెస్ట్ వర్జీనియా స్టేట్ కాలేజీలో క్లేటర్ అనే లెక్కల ప్రొఫెసర్ క్యాథరిన్ జాన్సన్ ఒక్కరి కోసమే ఓ జ్యామితి కోర్సు పెట్టారు. తర్వాత ఆమె నాసాలో వ్యోమనౌకల దారులు లెక్కగట్టారు. కాబట్టి "ఎవరు ఎవరికి నేర్పారు" అన్న ఒక్క ప్రశ్నను సభ మొత్తానికి దారంగా పెట్టుకోండి. బోర్డులు, వక్త, బల్లల దగ్గర మాటలు అన్నీ దాని చుట్టూనే తిరగాలి. కింద చెప్పిన కొలతలు 80 నుంచి 100 మంది వచ్చే, రెండున్నర గంటల సభకు సరిపోతాయి.

కమిటీ, తేదీ, హాలు

ఆరుగురి నుంచి ఎనిమిది మంది కమిటీ చాలు. అందులో సగానికి పైగా ఆ ఊరి బ్లాక్ కుటుంబాలవాళ్ళు ఉండాలి, డబ్బు ఎలా ఖర్చు పెట్టాలో తేల్చే మాట కూడా వాళ్ళకు ఉండాలి. కార్యక్రమం మొత్తం రాసేసుకుని, ఆఖరున ఒక పాస్టర్‌ని ప్రార్థనకు పిలిస్తే అది భాగస్వామ్యం కాదు, అలంకారం. ఎవరూ తెలియకపోతే ఊళ్ళోని ఏఎంఈ చర్చి (బ్లాక్ మెథడిస్టులది), ఎన్‌ఏఏసీపీ (బ్లాక్ ప్రజల హక్కుల సంస్థ) శాఖ, హోవర్డ్, మోర్‌హౌస్, స్పెల్మన్ లాంటి బ్లాక్ కాలేజీల పూర్వవిద్యార్థుల సంఘాలు, బ్లాక్ సొరోరిటీల (మహిళా విద్యార్థి సంఘాల) గ్రాడ్యుయేట్ చాప్టర్లు మొదటి తలుపులు. అక్టోబరులోనే వెళ్ళి కలవండి.

ఫిబ్రవరికి ఒక కారణం ఉంది. 1926లో చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్సన్ ఈ ఉత్సవాన్ని ఒక వారంగా మొదలుపెట్టినప్పుడు, లింకన్ పుట్టిన 12వ తేదీ, బానిసత్వం నుంచి తప్పించుకుని దానిమీద పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినరోజుగా జరుపుకునే 14వ తేదీ కలిసొచ్చేలా ఫిబ్రవరి రెండో వారం ఎంచుకున్నారు. 1976లో అది నెల అయింది. వుడ్సన్ 1915లో స్థాపించిన సంఘం నేటికీ ప్రతి ఏటికీ ఒక అంశం ప్రకటిస్తుంది. అది మీ ఊరికి అతికితే వాడుకోండి, లేకపోతే బలవంతంగా రుద్దకండి.

ఇబ్బంది ఎక్కడంటే, ఊళ్ళోని ప్రతి స్కూలూ ప్రతి ఆఫీసూ అదే నెలలో అదే నలుగురు వక్తలకు ఫోన్ చేస్తాయి. నవంబరు దాటాక అడిగితే దొరకరు. పారితోషికం ఎంతిస్తారో మొదటి ఉత్తరంలోనే రాయండి. "మీకు మంచి అవకాశం" అని ఉచితంగా రమ్మనడం ఈ నెలలో వాళ్ళు చాలాసార్లు వినే మాట. డబ్బు తక్కువుంటే అలంకరణ తగ్గించండి, పారితోషికం తగ్గించకండి.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా మంచి సమయం. ఆదివారం పొద్దున పెడితే చర్చికి వెళ్ళేవాళ్ళంతా తప్పిపోతారు. సూపర్ బౌల్ ఆదివారం అసలే వద్దు. మూడో సోమవారం ప్రెసిడెంట్స్ డే కాబట్టి దాని ముందు శనివారం చాలామంది ఊళ్ళో ఉండరు. ఉత్తరాది రాష్ట్రాల్లో అయితే మంచు కురిస్తే మారడానికి రెండో తేదీ కూడా బుక్ చేసి, దాన్ని కరపత్రం మీదే వేయండి.

హాలు ఎనిమిది, పది వారాల ముందే మాట్లాడుకోవాలి. పబ్లిక్ లైబ్రరీ గది చాలాచోట్ల ఉచితం, కానీ టికెట్ పెట్టడం, అమ్మకాలు, ఒక్కోచోట వేడి భోజనం కూడా నిషేధం. స్కూలు ఆడిటోరియం, మునిసిపల్ హాలు అయితే పది లక్షల డాలర్ల బాధ్యత బీమా పత్రం అడగడం మామూలే, అది చేతికి రావడానికి రోజులు పడుతుంది. వంటగది, గుండ్రటి బల్లలు, పార్కింగ్ మూడూ ఉన్న చర్చి ఫెలోషిప్ హాలు దొరికితే ఇక వెతకొద్దు.

బోర్డులు: ఒక్కో ముఖం కాదు, ఒక్కో జత

ఎనిమిది బోర్డులు చాలు. ఒక్కో బోర్డు మీద నేర్పినవాళ్ళూ నేర్చుకున్నవాళ్ళూ ఇద్దరూ ఉండాలి. అందరికీ తెలిసిన పేరుతో మొదలుపెట్టి తెలియని పేరు దగ్గరికి తీసుకెళ్ళడం పనిచేస్తుంది. ఉదాహరణకు రోసా పార్క్స్. ఆమె పని నుంచి అలసిపోయి వస్తూ బస్సులో తెల్లవాళ్ళకు సీటు వదల్లేదన్న కథ అందరికీ వచ్చు. అప్పటికే ఆమె మాంట్‌గొమరీ ఎన్‌ఏఏసీపీ శాఖలో ఏళ్ళ తరబడి కార్యదర్శి, యువజన విభాగానికి సలహాదారు. ఆ విభాగంలో ఉన్న క్లాడెట్ కోల్విన్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి, పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న అదే ఊళ్ళో బస్సు సీటు వదలనందుకు అరెస్టయింది. బస్సుల్లో వేర్పాటును కొట్టేసిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసులో వాది అయిన నలుగురు మహిళల్లో ఆమె ఒకరు. పార్క్స్ ఆ కేసులో వాది కారు. ఈ బోర్డు దగ్గర టీనేజర్లు ఆగుతారు, తమ వయసు అమ్మాయి కనిపిస్తుంది కాబట్టి.

పార్క్స్ కూడా ఎవరి దగ్గరో నేర్చుకున్నవారే. 1955 వేసవిలో టెన్నెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్ శిక్షణకు వెళ్ళారు, అక్కడ శిక్షణ ఇచ్చేవారిలో సెప్టిమా క్లార్క్ ఉన్నారు. 1957లో సౌత్ కరొలైనా జాన్స్ ఐలాండ్‌లో, ఓటు నమోదు పరీక్ష గట్టెక్కడానికి పెద్దలకు చదువు చెప్పే మొదటి సిటిజన్‌షిప్ స్కూల్ మొదలైనప్పుడు క్లార్క్ వృత్తి టీచర్‌ని పెట్టలేదు. జుట్టు అలంకరణ పని చేసే బెర్నిస్ రాబిన్సన్‌ని ఒప్పించారు. పెద్దవాళ్ళను పిల్లల్లా చూడని మనిషి కావాలి, అందుకని. పాఠం కూడా సంతకం పెట్టడం, మనీ ఆర్డరు ఫారం నింపడం లాంటి అక్కరకొచ్చే పనులతో మొదలైంది. ఈ బోర్డును మెంటార్లు ముందుగా చదివేలా చూడండి. వాళ్ళకు ఇంతకంటే మంచి శిక్షణ పత్రం దొరకదు.

అన్ని జతలూ తీయగా ఉండక్కర్లేదు. జుట్టు సంరక్షణ సరుకుల వ్యాపారంలో పేరు తెచ్చుకున్న మేడమ్ సి. జె. వాకర్, సొంత వ్యాపారానికి ముందు ఆనీ టర్న్‌బో మలోన్ కంపెనీ సరుకు అమ్మే ఏజెంటు. తర్వాత ఇద్దరూ పోటీదారులయ్యారు. నేర్చుకున్న చోటు నుంచి విడిపోవడం కూడా చరిత్రే.

రెండు బోర్డులైనా మీ ఊరివి కావాలి, ఎక్కువ పని పెట్టేవి అవే. తేలికైన దారి గ్రీన్ బుక్. విక్టర్ హ్యూగో గ్రీన్ మొదలుపెట్టగా 1936 నుంచి 1960ల నడుమ దాకా వెలువడిన ఈ పుస్తకంలో బ్లాక్ ప్రయాణికులకు తిండి, బస, పెట్రోలు మర్యాదగా దొరికే చోట్లు రాష్ట్రాల వారీగా, ఊళ్ళ వారీగా ఉండేవి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి చెందిన షోంబర్గ్ సెంటర్ వీటిని స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టింది. మీ ఊరి పేజీ తెరిచి ఒక్క చిరునామా తీసుకోండి. లైబ్రరీలోని స్థానిక చరిత్ర గదిలో ఆ ఏటి సిటీ డైరెక్టరీలో అదే వీధి వెతకండి. 1950 జనగణన పత్రాలు 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి కాబట్టి ఆ ఇంట్లో ఎవరున్నారో పేర్లు, పనులతో సహా దొరకొచ్చు. తర్వాత భవనాలన్నీ గీసి ఉండే పాత శాన్‌బోర్న్ బీమా మ్యాపులో ఆ భవనం ఆకారం చూసి, అదే చోట నిలబడి ఇవాళ్టి ఫోటో తీయండి. పుస్తకం పేజీ ఎడమవైపు, కొత్త ఫోటో కుడివైపు, కింద 60 మాటలు. చాలా ఊళ్ళలో కుడివైపు ఫోటోలో ఉండేది పార్కింగ్ స్థలమో హైవే వంతెనో.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. ఇంటి నంబర్లు, వీధి పేర్లు మధ్యలో మారిపోయి ఉంటాయి, మ్యాపు చూడకుండా ఫోటో తీస్తే పక్క సందు ఫోటో వస్తుంది. రెండోది, ఊరి పేరు పుస్తకంలో లేకపోతే వెంటనే "సన్‌డౌన్ టౌన్" (పొద్దుగూకాక బ్లాక్ మనుషులను ఉండనివ్వని ఊరు) అని రాసేయడం. పేరు లేకపోవడానికి కారణాలు చాలా ఉండొచ్చు. వేరే ఆధారం చేతిలో ఉంటేనే రాయండి. లేదంటే పేరున్న దగ్గరి ఊరు ఎన్ని మైళ్ళో చూపించండి చాలు.

అచ్చు విషయం. 24×36 అంగుళాల ఫోమ్ బోర్డు, శీర్షిక 60 పాయింట్లకు పైన, వివరణ 24కు తగ్గకుండా, ఒక ఫోటో కింద 75 మాటలకు మించకుండా. 8×10 అంగుళాల ఫోటో స్పష్టంగా రావాలంటే 2400×3000 పిక్సెళ్ళు ఉండాలి, సెర్చ్‌లో దొరికిన చిన్న బొమ్మను సాగదీస్తే ముఖం మసకబారుతుంది. బోర్డు మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి, బోర్డుల మధ్య చక్రాల కుర్చీ పోవడానికి 36 అంగుళాల దారి వదలాలి. ఈజిల్ మీద ఫోమ్ బోర్డు తలుపు గాలికే పడిపోతుంది, కింద రెండు బైండర్ క్లిప్పులు పెట్టండి.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ ఫోటోలు, వాటిలో గోర్డన్ పార్క్స్ తీసినవి కూడా, ప్రభుత్వ పనిగా తీసినవి కాబట్టి నిశ్చింతగా వాడొచ్చు. మార్టిన్ లూథర్ కింగ్ 1963 ప్రసంగానికి మాత్రం కాపీరైట్ ఉంది. మొత్తం అచ్చువేయడం, సభలో వీడియో వేయడం అనుమతి లేకుండా వద్దు. చదివించాలనుకుంటే 1852లో రాచెస్టర్‌లో డగ్లస్ చేసిన జులై 5 ప్రసంగం అందరి సొత్తు, అందులోంచి పది నిమిషాల భాగం ఆరుగురు వంతులవారీగా చదివితే బాగుంటుంది.

వాట్సాప్‌లో తిరిగే "వీళ్ళు కనిపెట్టినవి" జాబితాలను నేరుగా బోర్డెక్కించకండి. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ పీనట్ బటర్ కనిపెట్టలేదు. గారెట్ మోర్గన్ మొదటి ట్రాఫిక్ లైటు కనిపెట్టలేదు, 1923లో మూడు స్థితుల సిగ్నల్‌కి పేటెంట్ పొందారు. అబద్ధం ఒక్కటి దొరికితే చూసేవాళ్ళు మిగతా ఏడు బోర్డులనూ నమ్మరు.

బల్లల దగ్గర

సభకు గుండెకాయ ఇదే, సిద్ధం కావడానికి ఎక్కువ వ్యవధి దీనికే ఇవ్వండి. ముప్పైమంది టీనేజర్లు వస్తారనుకుంటే ఆరు బల్లలు, బల్లకు ఐదుగురు, ఒక మెంటార్, ఒక వాలంటీర్. 60 అంగుళాల గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది కుర్చీలు పడతాయి, ఏడే వేయండి. బల్లల మధ్య కనీసం ఆరడుగులు ఉండాలి, తగ్గితే ఒక బల్ల మాట ఇంకో బల్లకు చేరి అందరూ గొంతు పెంచుతారు. మెంటార్లను ఎనిమిది మందిని పిలవండి, ఇద్దరు ఆఖరి రోజు రాలేరు. ఎనిమిది మందీ వస్తే రెండు బల్లలు పెంచి, బల్లకు ముగ్గురు నలుగురు చొప్పున కూర్చోబెట్టండి, మాట ఇంకా చిక్కగా నడుస్తుంది.

మూడు విడతలు, ఒక్కోటి 12 నిమిషాలు, మారడానికి 3 నిమిషాలు. ఎనిమిది నిమిషాలైతే పరిచయాలతోనే సరిపోతుంది, ఇరవై అయితే పిల్లల చేతికి ఫోన్లు వస్తాయి. నమోదు ఫారంలోనే ఇష్టమైన మూడు రంగాలు అడిగి, ప్రతి ఒక్కరి పేరు స్టిక్కర్ మీద మూడు బల్లల నంబర్లు ముందే రాసి పెట్టండి. లేకపోతే అందరూ సాఫ్ట్‌వేర్ బల్ల దగ్గర గుమికూడతారు, నేర్చుకుంటూనే జీతం తీసుకునే ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌షిప్ గురించి చెప్పగలిగిన మనిషి ఖాళీ కుర్చీలను చూస్తూ కూర్చుంటారు. ప్రతివాళ్ళకూ మూడింటిలో ఒకటి వాళ్ళు అడగని రంగం వేయడం మంచి పద్ధతి.

మెంటార్లకు వారం ముందు అరగంట వీడియో కాల్ పెట్టండి. చెప్పాల్సింది కొంచెమే. సొంత కథ రెండు నిమిషాలు దాటకూడదు. "నీ కలను నమ్ముకో" లాంటి మాటలు వద్దు. పనికి సంబంధించిన వస్తువు ఒకటి తేవాలి: స్టెతస్కోపు, వోల్టేజి టెస్టర్, భవనం ప్లాను, పేరు కొట్టేసిన జీతం స్లిప్పు. వస్తువు బల్ల మీద ఉంటే మాట దానంతటదే మొదలవుతుంది. సిగ్గుపడే పిల్లవాడు కూడా టెస్టర్ చేతిలోకి తీసుకుని ఇదెలా పనిచేస్తుందని అడుగుతాడు.

బల్ల మధ్యలో ప్రశ్నల కార్డులు పెట్టండి, నోటితో అడగలేనివాళ్ళు కార్డు తీసి చదువుతారు:

- ఈ పనిలో మొదటి ఏడాది జీతం ఎంత ఉంటుంది?
- ఏ పరీక్ష, ఏ లైసెన్సు కావాలి? దానికి ఎంతవుతుంది, ఎవరు కడతారు?
- ఆ ఆఫీసులో బ్లాక్ ఉద్యోగి మీరొక్కరే అయినప్పుడు ఎవరితో మాట్లాడేవారు?
- మీకు దారి చూపింది ఎవరు? వాళ్ళు మీకోసం చేసిన ఒక్క పని చెప్పండి.

ఆఖరి కార్డు ప్రతి విడతలో తప్పనిసరి. బోర్డుల మీద చూసిన గొలుసు ఈ ప్రశ్నతో బల్ల దాకా వస్తుంది. టైము అయిందని అరవకండి, చిన్న గంట కొట్టండి.

వచ్చినవాళ్ళంతా బ్లాక్ పిల్లలే కాకపోవచ్చు, అది ఇబ్బంది కాదు. కానీ మెంటార్లలో ఎక్కువమంది బ్లాక్ వృత్తినిపుణులై ఉండాలి. ఏ మెంటార్‌నీ ఏ పిల్లవాడినీ "మీవాళ్ళంతా ఏమనుకుంటారు" అని అడిగే పరిస్థితి రానివ్వకండి, వాలంటీర్ అక్కడ ఉండేది అందుకు కూడా.

మైనర్ల విషయంలో సడలింపు లేదు. ఒక పెద్దమనిషి ఒక పిల్లవాడితో వేరే గదిలో ఒంటరిగా ఉండకూడదు. మెంటార్, టీనేజర్ అక్కడికక్కడ ఫోన్ నంబర్లు మార్చుకోకూడదు, సంగతి తల్లిదండ్రుల ద్వారా కమిటీకి రావాలి. ఫోటో వద్దన్న కుటుంబాల పిల్లల స్టిక్కర్ మీద ఎర్ర చుక్క పెడితే ఫోటోగ్రాఫర్‌కి దూరం నుంచే తెలుస్తుంది.

ఆ రోజు నడక

1:00 తలుపులు తెరవడం, స్టిక్కర్లు, బోర్డులు చూడటం
1:30 స్వాగతం, పాట
1:40 పెద్దవారితో సంభాషణ
2:10 బల్లలు
2:55 భోజనం, నమోదు బల్ల
3:30 ముగింపు

పాట "లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్". జేమ్స్ వెల్డన్ జాన్సన్ రాసి, తమ్ముడు రోసమండ్ బాణీ కట్టిన ఈ పాటను 1900లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో 500 మంది బడిపిల్లలు మొదట పాడారు. అందరూ లేచి నిలబడతారు, కొత్తవాళ్ళ కోసం ఆ మాట ముందే చెప్పండి. మూడు చరణాలూ కాగితం మీద ఇవ్వాలి, చాలామందికి మొదటిదే నోటికి వస్తుంది. గమకాలతో నిండిన సోలో రికార్డింగు వేస్తే జనం నోరు మెదపరు. ఒక పియానో, ముందు వరుసలో నలుగురు తెలిసినవాళ్ళు ఉంటే హాలంతా అందుకుంటుంది. శ్రుతి ఎక్కువైతే ఒక మెట్టు దించమని పియానో వాయించేవారికి ముందే చెప్పండి.

ఉపన్యాసం కంటే సంభాషణ మేలు. ఊళ్ళో పుట్టిపెరిగిన పెద్దవారు ఒకరు, ప్రశ్నలు అడిగే యువకుడో యువతో ఒకరు, రెండు మైకులు, ఇరవై నిమిషాలు, తర్వాత సభ నుంచి పది నిమిషాలు. ప్రశ్నలు వారం ముందే పెద్దవారికి పంపండి. అవమానాలతో మొదలుపెట్టకండి. ఏ వీధిలో పెరిగారు, ఏ దుకాణంలో అప్పు ఇచ్చేవారు, చదవడం ఎవరు నేర్పారు అని అడిగితే మిగతావి వాటంతట అవే వస్తాయి, వాళ్ళు చెప్పదలచుకున్నంత వరకు. రికార్డు చేస్తుంటే కాలర్ మైకు పెట్టండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. హాలు చివర నుంచి తీసిన శబ్దం ఎవరికీ పనికిరాదు. అనుమతి పత్రం మీద సంతకం మాట్లాడక ముందే తీసుకుని, ఒక ప్రతి కుటుంబానికి, ఒక ప్రతి లైబ్రరీ స్థానిక చరిత్ర గదికి ఇవ్వండి.

బానిసత్వాన్ని పిల్లల చేత "అనుభవించి చూపించే" నాటికలు, వేలం ఆటలు పెట్టకండి. ఎంత మంచి ఉద్దేశంతో చేసినా అది పిల్లల్ని గాయపరుస్తుంది.

భోజనం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బ్లాక్ యజమానుల క్యాటరర్‌కి ఆర్డరిచ్చి మెనూ వాళ్ళనే ఎంచుకోనివ్వండి. బయటివాళ్ళు "సంప్రదాయం" అనుకుని తయారుచేసిన జాబితాలు వెటకారంగా మారి, క్షమాపణలు చెప్పుకునే దాకా వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. వేడివి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ పైన, చల్లనివి 40 కింద. బయట పెట్టాక రెండు గంటలు దాటినవి పారేయాలి.

సభ అయిపోయాక

నమోదు బల్ల భోజనం వరుస చివర పెట్టండి, తలుపు దగ్గర పెడితే అందరూ దాటిపోతారు. ప్రతి టీనేజరూ ఒక కార్డుతో వెళ్ళాలి: ఒక మెంటార్ పేరు, తర్వాత చేయాల్సిన ఒక్క పని, దానికి తేదీ. కార్డు రెండో ప్రతి కమిటీ దగ్గర ఉంటుంది. 72 గంటల్లోగా తల్లిదండ్రులకు సందేశం వెళ్ళాలి, వారం దాటితే సగంమంది ఉత్సాహం చల్లారుతుంది.

కొనసాగే జతలు కట్టాలనుకుంటే మెంటార్లకు నేర చరిత్ర తనిఖీ, తల్లిదండ్రుల సంతకం, నెలకు రెండు కలయికలు లైబ్రరీ లాంటి బహిరంగ చోట, కనీసం ఏడాది మాట ఉండాలి. మొదటి రెండు మూడు నెలల్లోనే ఆగిపోయిన జత, అసలు మెంటార్ లేకపోవడం కంటే పిల్లలకు ఎక్కువ నష్టం చేయగలదు. తమలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. అందుకే ముప్పైమందికీ సగం సగం జతలు కట్టడం కంటే ఆరుగురికి గట్టివి కట్టండి. మిగతావాళ్ళకు మార్చిలో, మేలో అదే హాల్లో బల్లల విడత మళ్ళీ పెట్టండి. నెలకోసారి కమిటీలో ఒకరు రెండు వైపులా ఫోన్ చేసి కనుక్కోవాలి. జత కుదరలేదని తేలితే మెంటార్ మాయమైపోకూడదు. ఆఖరిసారి కలిసి, కారణం తన వైపుదేనని సూటిగా చెప్పి, కొత్త మెంటార్‌ని అదే రోజు పరిచయం చేసి వెళ్ళాలి.